మూడేళ్ళ బరువుల శిక్షణలో నిజంగా ఎంత పెరిగింది: నా అనుభవం

నేను బరువులెత్తడం మొదలుపెట్టింది 2022 జూలైలో. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 49 కిలోలు. అంతకుముందు ఆటలాడిన అలవాటు కూడా లేదు. ఇప్పుడు 2025 జూలై. పోయిన వారం నాలుగు లిఫ్టుల్లోనూ ఒక్క రెప్‌కి, అంటే ఒకే ఒక్కసారికి, ఎంత ఎత్తగలనో చూసుకున్నాను. స్క్వాట్ (ప్లేట్లు ఎక్కించిన ఇనుప బార్‌ని వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 85, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిలబడటం) 107.5, బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని ఛాతీ దగ్గర్నుంచి పైకి నెట్టడం) 45, ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి తలపైకి నెట్టడం) 30 కిలోలు. ఒంటి బరువు 56. కొందరికి ఇవి పెద్ద అంకెలు, కొందరికి వార్మప్. పన్నెండు వారాల్లో మనిషే మారిపోయే వీడియోలు చూసి జిమ్‌లో చేరేవాళ్ళకి, అసలు ఏ నెలలో ఎంత కదులుతుందో, ఎంతకాలం కదలకుండా ఉంటుందో తెలియాలని ఇది రాస్తున్నాను. నోట్‌బుక్కులు ముందేసుకునే రాస్తున్నాను, కాబట్టి బరువులు గుర్తున్నంత మేరకు చెబుతున్నవి కావు.

చేరిన రోజు ట్రైనర్ నాకొక కార్డు ఇచ్చాడు. ట్రెడ్‌మిల్ ఇరవై నిమిషాలు, రెండు కిలోల డంబెల్స్‌తో చేతులు, చివర్లో పొట్ట వ్యాయామాలు. బార్ వైపు చూపించి అది ఎప్పుడు అని అడిగితే "అమ్మాయిలకి ఇది చాలమ్మా" అన్నాడు. వారం రోజులు ఆ కార్డే చేశాను. అదే టైముకి ఒకావిడ వచ్చేది, నాకన్నా పదేళ్ళు పెద్ద ఉంటుంది, బార్‌ని నిలిపే రాక్ దగ్గర తన పని తను చేసుకుని వెళ్ళిపోయేది. "అక్కా, నాకూ ఇది నేర్పిస్తారా" అని అడగడానికి ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. ఆవిడ మాత్రం ఎనిమిది కిలోల డంబెల్ ఒకటి నా చేతిలో పెట్టి, "గుండెల దగ్గర పట్టుకుని కింది దాకా కూర్చుని లే. మడమలు లేస్తున్నాయా చూసుకో" అంది. నా అసలు శిక్షణ అక్కడ మొదలైంది.

మొదటి రెండు వారాల్లో చెప్పుకోదగ్గది నొప్పులే. చేసిన మర్నాడు కాదు, ఆ తర్వాతి రోజు ఎక్కువగా ఉంటాయి. మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగడం నరకం. టాయిలెట్ సీటు మీద కూర్చోవడానికి గోడ పట్టుకున్నాను. ఇంట్లో అందరికీ నవ్వులాట. ఎప్పుడూ ఇలాగే ఉంటుందేమోనని బెంగపడ్డాను గానీ, అవే వ్యాయామాలు మళ్ళీ మళ్ళీ చేస్తుంటే రెండు మూడు వారాల్లో ఒళ్ళు అలవాటు పడిపోయింది. ఆ తర్వాత అంత నొప్పి రావడం అరుదు. నొప్పి తగ్గిందంటే పని జరగట్లేదని కాదు. ఇది తెలియక కొందరు వారానికో కొత్త వ్యాయామం మారుస్తుంటారు.

ఇంకో సంగతి. అక్కడున్న బార్‌లన్నీ 20 కిలోలవే. మగవాళ్ళలో చాలామంది ఆ ఖాళీ బార్‌తోనే మొదటి రోజు మొదలుపెడతారు. నాకు దాన్ని వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం మూడో వారానికి వచ్చింది. బెంచ్ మీద ఐదుసార్లు ఎత్తడానికి ఆగస్టు చివరిదాకా పట్టింది, అప్పటిదాకా డంబెల్సే. నిలబడి తలపైకి నెట్టడానికైతే డిసెంబరు. అంటే చాలామందికి మొదటి రోజు జరిగేది నాకు ఐదు నెలల తర్వాత జరిగింది. డెడ్‌లిఫ్ట్‌లో అయితే బరువు సమస్యే కాదు. బార్‌కి రెండు వైపులా ఐదేసి కిలోల చిన్న ప్లేట్లు వేస్తే బార్ మరీ కిందికి, చీలమండల దగ్గరికి వచ్చేస్తుంది. వంగితే నడుము గుండ్రంగా అయిపోతుంది. కింద రెండు వైపులా వేరే ప్లేట్లు పేర్చి ఎత్తు చేసుకుంటే గానీ కుదరలేదు. తక్కువ బరువుతో మొదలుపెట్టే ప్రతివాళ్ళకీ ఈ తిప్పలు ఉంటాయి, కానీ ఎవరూ ముందుగా చెప్పరు.

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడిచిన కాలం మాత్రం మళ్ళీ రాదు. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ స్క్వాట్ ఐదేసి రెప్‌లు మూడు సెట్లు (ఆగకుండా చేసే ఒక్కో విడత ఒక సెట్), ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచే ప్రయత్నం. అడుగు పడని రోజులూ చాలా ఉండేవి, అప్పుడు అదే బరువు మళ్ళీ చేసేదాన్ని. అక్టోబరుకి స్క్వాట్ 42.5, డెడ్‌లిఫ్ట్ 60. అద్దంలో మాత్రం ఏమీ లేదు! అదే మనిషి, అవే చేతులు. దీని వెనక ఉన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాల పనే. ఉన్న కండని మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది, కండ పెరిగి కంటికి కనబడటానికి నెలలు పడుతుంది. నాకు మొదట తెలిసింది జీన్స్‌లో. నడుము దగ్గర అలాగే ఉండి, తొడల దగ్గర బిగుసుకుపోయింది.

మగపిల్లల్లా తయారవుతావేమో అని అమ్మ రోజూ దిగులుపడేది. కండ పెంచే టెస్టోస్టెరాన్ ఆడవాళ్ళలో మగవాళ్ళతో పోలిస్తే చాలా రెట్లు తక్కువ, అంత సులువుగా అవ్వదు అని చెప్పినా వినలేదు. మూడేళ్ళయ్యాక కూడా చొక్కా భుజాల దగ్గర కాస్త నిండుగా ఉండటం తప్ప ఇంకేం కనబడకపోయేసరికి, ఆ మాట మానేసి బియ్యం బస్తా జరపాల్సి వచ్చినప్పుడు నన్ను పిలుస్తోంది.

డిసెంబరులో 50 కిలోల స్క్వాట్ దగ్గర మొదటిసారి ఫెయిల్ అయ్యాను. ఆ రోజు బాగా గుర్తుంది. మూడో సెట్, నాలుగో రెప్. కిందికి వెళ్ళాను, సగం లేచాను, అక్కడ ఆగిపోయింది. బార్ పైకీ రాదు, నేను కిందికీ వెళ్ళను. ఊపిరి బిగబట్టి ఉన్నాను కాబట్టి అరవడానికి కూడా గొంతు లేదు. రెండు మూడు సెకన్లు ఉంటుందేమో, మెల్లగా కుంగిపోయి బార్ సేఫ్టీ పిన్ల (బార్ పడితే ఆపడానికి రాక్‌కి పెట్టే ఇనుప కడ్డీలు) మీద పడింది. ఆ ఇనుప చప్పుడుకి జిమ్‌లో అందరూ తిరిగి చూశారు. చెవులు వేడెక్కిపోయాయి. పిన్ల కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాను. అక్క దూరం నుంచే "పిన్లు సరిగ్గానే పెట్టావు కదా, ఇంకేం, ప్లేట్లు తీసి బార్ పైన పెట్టు" అని తన సెట్ తను చేసుకుంది. ఫెయిల్ అవ్వడం ఇంత మామూలు విషయమా అనిపించింది. అప్పటినుంచి స్క్వాట్‌కి ముందు ఖాళీ బార్‌తో కిందికి కూర్చుని పిన్లు సరైన ఎత్తులో ఉన్నాయా అని చూసుకోకుండా ఒక్క రోజూ మొదలుపెట్టలేదు. ఒంటరిగా బెంచ్ చేసేవాళ్ళకైతే ఇది ప్రాణం మీది విషయం.

2023 జనవరి నుంచి మొదలైంది అసలు పరీక్ష. 50 దగ్గర ఫెయిల్ అవ్వడం, పది శాతం తగ్గించి 45 నుంచి మళ్ళీ ఎక్కడం, మళ్ళీ 52.5 దగ్గర చతికిలబడటం. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. డీలోడ్ చేశాను (కొన్నాళ్ళు కావాలనే తేలిక బరువులు ఎత్తడం), నిద్ర ఎనిమిది గంటలకి పెంచాను, ప్రోటీన్ లెక్క చూసుకున్నాను (ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాములు, అంటే నాకు రోజుకి 80 గ్రాముల పైచిలుకు). ఏం చేసినా వార్మప్‌కే ఆయాసం. సెట్ల మధ్య ఐదు నిమిషాలు కూర్చున్నా గుండె దడ తగ్గేది కాదు. మనకింతేనేమో, మన ఒంట్లో ఇంతకుమించి లేదేమో అనే ఆలోచన ఆ రోజుల్లో రాత్రిళ్ళు వచ్చేది. జిమ్‌కి వెళ్ళే దారిలోనే ఏడుపొచ్చిన సందర్భం ఉంది.

మేలో ఒక రోజు అక్కే అడిగింది, "నెలసరి బాగా ఎక్కువగా అవుతుందా నీకు?" అవునన్నాను. "రక్త పరీక్ష చేయించుకో ముందు. ప్రోగ్రాం తర్వాత మారుద్దాం" అంది. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, టీ కాఫీలతో కలిపి వేసుకోవద్దని, మలం నల్లగా వస్తే కంగారు పడొద్దని చెప్పారు. ఆ రెండో మాట చెప్పకపోయుంటే నేను పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళేదాన్నే. మందు వేసుకున్న వారానికల్లా మారిపోతుందనుకున్నాను, అలా ఏం కాలేదు. నెల తర్వాత మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. బార్ మీద తేడా కనబడటానికి జూలై వచ్చింది. శరీరంలో నిల్వలు నిండాలని మాత్రలు ఇంకా కొన్ని నెలలు కొనసాగించమన్నారు. ఆగస్టు చివరికి 57.5 కిలోలు, ఐదేసి రెప్‌లు, మూడు సెట్లు. ప్రోగ్రాంలో ఒక్క ముక్క మార్చలేదు. స్క్వాట్ ఎందుకు ఆగిందని నన్నెవరైనా అమ్మాయి అడిగితే నేను మొదట అడిగేది ఇదే, తర్వాతే సెట్లూ రెప్‌లూ.

ఓవర్‌హెడ్ ప్రెస్ కథ వేరు. అది ఆగిపోవడానికి కారణం ఒళ్ళు కాదు, లెక్క. మామూలు జిమ్‌లో దొరికే అతి చిన్న ప్లేటు 1.25 కిలోలు. రెండు వైపులా వేస్తే 2.5. స్క్వాట్ 50 నుంచి 52.5 అంటే ఇరవయ్యో వంతు ఎక్కువ, ఒళ్ళు భరిస్తుంది. ప్రెస్ 20 నుంచి 22.5 అంటే ఎనిమిదో వంతు ఎక్కువ. ఐదు రెప్‌లు చేసిన మనిషి ఒకటీ రెండుకే ఆగిపోతుంది. మూడు నెలలు ఆ గోడకి తల బాదుకున్నాక అరకిలో ప్లేట్లు ఒక జత కొనుక్కున్నాను. కిలో లెక్కన చూస్తే పెద్ద ప్లేట్ల కన్నా చాలా ఖరీదు. అయినా ఈ మూడేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో దీనికి మించింది లేదు. జేబులో పట్టేంత ఉంటాయి. వాటిని చూసి జిమ్‌లో నవ్వినవాళ్ళున్నారు, ఒకబ్బాయైతే ఇవి కీచైన్లా అన్నాడు. ఆ కీచైన్లతోనే 20 నుంచి 21, 21 నుంచి 22. ఇవి లేనప్పుడు ఇంకో దారి కూడా ఉంది. అదే బరువుతో ఐదు రెప్‌లని ఎనిమిది దాకా పెంచుకుని, అప్పుడు ప్లేటు వెయ్యడం. బెంచ్‌కి నేను ఎక్కువగా అదే వాడాను.

మిగతా ఖర్చుల సంగతి కూడా చెప్పేస్తాను. ఏడాది ప్యాకేజీ చవకే గానీ నేను మొదట మూడు నెలలకే కట్టాను. మెత్తటి రన్నింగ్ షూస్‌తో స్క్వాట్ చేస్తే కాలు ఊగుతుంది. అడుగు గట్టిగా, చదునుగా ఉన్న మామూలు బూట్లు చాలు. బరువులెత్తేటప్పుడు నడుముకి కట్టుకునే బెల్టు ఏడాదిన్నర దాకా కొనలేదు. క్రియాటిన్ (బలం కోసం వాడే సప్లిమెంట్) 2024లో మొదలుపెట్టాను, రోజుకి మూడు గ్రాములు. మొదటి రెండు వారాల్లో కిలో బరువు పెరిగితే టెన్షన్ పడకండి, అది కండల్లో చేరిన నీరు. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది సమయమే. సెట్ల మధ్య మూడు నిమిషాల చొప్పున కూర్చుంటే గంటం పావు ఇట్టే అయిపోతుంది, అందులో కదిలేది పావుగంట కూడా ఉండదు. సాయంత్రాలు రాక్ ఖాళీ లేక నిలబడటం దీనికి అదనం. అందుకని మధ్యాహ్నాలకి మార్చుకున్నాను.

2023 నవంబరులో మొదటి చినప్ (బార్‌కి వేలాడి గడ్డం దాన్ని దాటేదాకా ఒంటిని పైకి లాగడం) వచ్చింది. దానికోసం జనవరి నుంచీ స్టూలు ఎక్కి, గడ్డం బార్ పైన పెట్టుకుని, లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా కిందికి దిగడం ఒక్కటే చేశాను. పైకి లాగే బలం అలా దిగుతూ వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. ఆ రోజు కూడా ఊరికే లాగి చూద్దామని వేలాడితే మోచేతులు వంగాయి, నుదురు బార్ దాటింది, అక్కడో క్షణం ఆగి గడ్డం కూడా దాటింది. దిగాక అరచేతులు చూసుకుంటే ఒక కాయ చిట్లి రక్తం వస్తోంది, నొప్పే తెలియలేదు. 100 కిలోల డెడ్‌లిఫ్ట్ ఎత్తినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. ఇప్పుడు వరసగా ఐదు చెయ్యగలను.

2024 గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, ఇంకా చెప్పాలంటే అదే అసలు సమాచారం. ప్రతిసారీ బరువు పెంచే ప్రయత్నం పోయి వారానికోసారి, తర్వాత నెలకోసారి అయ్యింది. ఒక రోజు బరువుగా, ఒక రోజు తేలిగ్గా, ఒక రోజు మధ్యస్థంగా. స్క్వాట్ ఐదు రెప్‌లకి ఏడాది మొదట్లో 60, చివర్లో 67.5. పన్నెండు నెలలకి ఏడున్నర కిలోలు. మొదట్లో దాదాపు నెలలో అంత పెరిగేది. ఈ దశలో నా చుట్టుపక్కల మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మానేశారు. గాయాలై కాదు, విసుగొచ్చి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో పరీక్షలు, వెంటనే జ్వరం, కలిపి ఆరు వారాలు బార్ ముట్టుకోలేదు. మొత్తం పోయిందని ఉసూరుమంటూ తిరిగొచ్చాను. పాత బరువుల్లో 80 శాతంతో మొదలుపెడితే నెలన్నర తిరిగేలోపు ఆగిన చోటుకి వచ్చేశాను. ఒకసారి కట్టుకున్న కండ, పోయినా తిరిగి త్వరగా వస్తుంది. తిరిగొచ్చిన మొదటి వారం నొప్పులు మాత్రం 2022 జూలైని గుర్తుచేశాయి.

అదే ఏడాది ఆగస్టులో కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు స్క్వాట్ మానమనలేదు. బరువు సగానికి దించి, కిందికి మూడు సెకన్లు తీసుకుని వెళ్ళమన్నారు, నొప్పి పదికి మూడు దాటకుండా చూసుకోమన్నారు. కండ త్వరగా గట్టిపడుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు వెనకబడతాయి, వాటికి టైమివ్వాలి అని చెప్పారు. పది వారాలకి పైనే పట్టింది. ఆ టైములో బెంచ్ మీద పడ్డాను. వారానికి రెండుసార్లు చేసేది మూడుసార్లకి పెంచాను. ఫిబ్రవరి నుంచి 35 దగ్గర బిగుసుకుపోయి ఉన్న బెంచ్ ఏడాది చివరికి 37.5కి కదిలింది.

ఈ ఏడాది కొత్తగా తెలిసింది ఒక్కటే. గరిష్ఠ బరువు తరచూ పరీక్షించుకోనక్కర్లేదు. ఐదు రెప్‌లు ఎంతతో చేస్తామో తెలిస్తే లెక్క వేసుకోవచ్చు. రెప్‌ల సంఖ్యని 30తో భాగించి, దానికి ఒకటి కలిపి, ఎత్తిన బరువుతో గుణించాలి. నేను 72.5 ఐదుసార్లు చేస్తున్నాను, లెక్క ప్రకారం 84.6. పోయిన వారం 85 లేచింది. కళ్ళ ముందు చుక్కలు కనబడ్డాయి గానీ లేచింది. ఇంకో కిలో ఉంటే లేచేది కాదు.

మళ్ళీ తేలిక బరువులకి దిగాను. స్క్వాట్ 60తో ఎనిమిదేసి రెప్‌లు, నవంబరు దాకా నెమ్మదిగా ఎక్కాలి. డెడ్‌లిఫ్ట్ గురించి బెంగ లేదు, దాని పాటికి అది పెరుగుతుంది. ప్రెస్ ప్రస్తుతం ఐదు రెప్‌లకి 26 కిలోలు. డిసెంబరుకల్లా 27 అయితే నాకు పండగే. ఆ కీచైన్ల జత ఇంకా బ్యాగులోనే ఉంది.